చిన్నాయన అడిగిన ప్రశ్న: రాతిలో చమురు ముందా, నీరు ముందా?

దేవరకొండ దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడు మా చిన్నాయన ఒక ప్రశ్న అడిగారు. ఆయన చేనులో నాలుగు బోర్లు వేయిస్తే ఒక్కదానిలోనే నీళ్లు పడ్డాయి. ఒకే రాతిలో చమురూ నీరూ కలిసి ఉంటే ఏది ముందు బయటికి వస్తుందన్నది ఆయన సందేహం. చమురు రాళ్ల నమూనాలను పరీక్షించడమే నా ఉద్యోగమైనా అప్పుడు సగమే చెప్పగలిగాను.

మా వైపు గ్రానైటులో నీరు పగుళ్లలోనూ, పైనున్న శిథిలమైన పొరలోనూ ఉంటుంది. కృష్ణా-గోదావరి బేసిన్ ఇసుకరాయిలోనైతే రేణువుల నడుమ సన్నని సందుల్లో చమురు నిలుస్తుంది. ఆ సందుల గుండా ద్రవం ఎంత సులువుగా పారుతుందో చెప్పేదే పారగమ్యత. ఫ్రాన్సులోని దిజోఁ నగరానికి నీటి సరఫరా ఏర్పరచిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టంలో నీటిని పంపి కనుగొన్న సూత్రాన్ని 1856లో ప్రచురించాడు. పారగమ్యత కొలమానానికి ఆయన పేరే పెట్టారు. చమురు రాళ్లను ఎక్కువగా డార్సీలో వెయ్యో వంతైన మిల్లీడార్సీలలో లెక్కిస్తాము.

ఒక్క ద్రవమే ఉంటే కొలత తేలిక. ఒకటిన్నర అంగుళాల వ్యాసం గల రాతి ముక్కను రబ్బరు తొడుగులో బిగించి, పంపుతో ద్రవాన్ని నెట్టి, రెండు చివరల పీడన భేదాన్ని చూస్తే చాలు. రెండు ద్రవాలు చేరితే ఒకదాని దారికి మరొకటి అడ్డు తగులుతుంది కనుక, రెండింటి పారగమ్యతలను కలిపినా రాతి అసలు పారగమ్యతకు సాధారణంగా తక్కువే వస్తుంది. నీటిని ఇష్టపడే రాతిలో నీరు రేణువుల గోడలను అంటిపెట్టుకుంటుంది, చమురు పెద్ద సందుల నడుమ పారుతుంది. నీటితో నెట్టే కొద్దీ ఆ చమురు ధార తెగి బొట్లుగా చిక్కుకుపోతుంది, ఆపైన నీరొక్కటే వస్తుంది.

రాయి ఏ ద్రవాన్ని ఇష్టపడుతుందో కాపాడుకోవడమే ఇందులో అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నేను ఒక నమూనాను టొలుయీన్ అనే ద్రావకంతో కడిగి, పాత స్వభావం తిరిగి వచ్చేలా ముడి చమురులో వారాల తరబడి నానబెట్టకుండానే కొలిచాను. కడగడంతో రాతి స్వభావమే మారిపోయింది, ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. ద్రవం బయటికి వచ్చే ముక్క చివరన, సన్నని సందులు ద్రవాన్ని పట్టి ఉంచే కేశనాళికా బలం వల్ల అది పోగుపడి పీడనాన్ని తప్పుగా చూపే ఇబ్బంది మరొకటి. అందుకే ఇప్పుడు ప్రతి నమూనాలోనూ ద్రవాన్ని రెండు మూడు వేగాలతో నెట్టి చూసి, విలువ మారకపోతేనే దానిని నమోదు చేస్తున్నాను.