కరిగిన మైనం తెల్లారేసరికి గడ్డకట్టాలి

హనుమకొండలో మాది పై అంతస్తు. మే నెలలో రాత్రి పది దాటినా గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగానే తగులుతుంది. అందుకే ఎంటెక్ ప్రాజెక్టుకు వేడిని దాచుకునే మైనం గుళికలను ఎంచుకున్నాను.

ఆక్టాడెకేన్ అనే పారఫిన్ మైనం 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగేటప్పుడు కిలోకు దాదాపు 240 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది, అయినా తాను పెద్దగా వేడెక్కదు. కిలో ప్లాస్టరేమో సుమారు ఒక్క కిలోజౌలుకే ఒక డిగ్రీ పెరుగుతుంది. కాకపోతే మైనాన్ని నేరుగా ప్లాస్టరులో కలిపితే కరిగి కారిపోతుంది. దాన్ని కంటికి ఆననంత చిన్న బొట్లు చేసి, ఒక్కో బొట్టు చుట్టూ మెలమిన్-ఫార్మాల్డిహైడ్ అనే ప్లాస్టిక్ పొర కట్టాలి.

ఆ పొర దగ్గరే రెండు నెలలు గడిచాయి. సబ్బులాంటి పదార్థం కలిపిన వేడినీళ్లలో కరిగిన మైనం పోసి జోరుగా చిలికితే పాలలా తెల్లబడుతుంది. విడిగా కాచిన మెలమిన్ ద్రావణం అందులో పోసి, యాసిడ్ చుక్కలతో పీహెచ్‌ను మెల్లగా 4 దాకా దించాలి. మొదటిసారి తొందరపడ్డాను. పొర బొట్ల మీద కట్టకుండా నీళ్లలోనే గడ్డకట్టి, బీకరు అడుగున సగ్గుబియ్యం జావలా పేరుకుంది. మూడోసారి కరెంటు పోయి స్టిర్రర్ ఆగింది, మైనమంతా పైకి తెట్టులా తేలింది. ఆరోసారి పొడి చేతికొచ్చింది. చిటికెడు పొడిని ఫిల్టర్ పేపరు మీద పోసి 50 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. అరగంటయ్యాక దులిపి చూస్తే కాగితం మీద నూనె మరక లేదు. ఆ కాగితం నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉంది. (ఇళ్లలో వాడాలంటే మాత్రం యాక్రిలిక్ పొరే మేలంటాను. ఫార్మాల్డిహైడ్ ఘాటు కళ్లకు ఎలా తగులుతుందో నాకు తెలుసు.)

స్లాబు మీద గదికి నమూనాగా రెండు ప్లాస్టరు డబ్బాలు పెట్టాను, ఒకదాంట్లో పొడి కలిపి, ఇంకోదాంట్లో కలపకుండా. పక్కనే ఒక గాజు గొట్టంలో ఉత్త ఆక్టాడెకేన్ ఉంచాను, లోపల ఏం జరుగుతోందో కంటితో చూద్దామని. ఫిబ్రవరిలో తేడా బాగా కనిపించింది. మే వచ్చేసరికి రెండు డబ్బాలూ ఒక్కతీరుగా కాలుతున్నాయి.

సాయంత్రం స్లాబు మీద నీళ్లు చల్లుతున్న నాయనమ్మ అడిగింది: "పగలంత తాగిన వేడిని రాత్రి యాడ కక్కుతది బిడ్డా?"

ఆ రాత్రి నాలుగింటికి లేచి టార్చి వేసి చూశాను. గొట్టంలో మైనం నీళ్లలా తేటగా ఉంది. మన మే రాత్రులు 28 కిందికి దిగకపోతే అది గడ్డకట్టేదెప్పుడు? నిన్న కరిగింది మళ్లీ గట్టిపడితేనే కదా ఇవాళ్టి వేడిని తీసుకునేది. 1948లో అమెరికాలోని డోవర్‌లో మరియా టెల్క్స్ అనే శాస్త్రవేత్త ఒక ఇంటిని, ఈ మైనంలాగే కరిగి గడ్డకట్టే గ్లాబర్ ఉప్పుతో వెచ్చగా ఉంచే ప్రయత్నం చేశారు. ఆ చలి దేశంలో వేడిని రాత్రికి దాచుకోవాలి. ఓరుగల్లులో దాన్ని రాత్రిలోగా వదిలించుకోవాలి.

గైడ్ సార్‌తో మాట్లాడి 36-37 డిగ్రీల దగ్గర కరిగే ఐకోసేన్ అనే మరో పారఫిన్‌కు మారాను. పొడిని డబ్బా లోపలి వైపు నుంచి పై పూతకు మార్చాను, రాత్రి వదిలే వేడి గదిలోకి కాకుండా ఆకాశంలోకి పోయేలా. దాని మీద తెల్ల సున్నం వేశాను. నాయనమ్మను నీళ్లు చల్లడం మాననివ్వలేదు.

మళ్లీ నాలుగింటికి లేచాను. టార్చి వెలుగులో గొట్టంలోని మైనం కొబ్బరి ముక్కంత తెల్లగా గడ్డకట్టి ఉంది.