225కి లోపల, 55కి పైన: కొత్త మానిటర్‌తో నా తొమ్మిది రోజులు

నిన్న రాత్రి పదకొండున్నరకి కుదిరింది. కోపం చల్లారితే సగం మర్చిపోతానని పొద్దున్నే కూర్చుని రాసేస్తున్నా.

నేను ఇంటర్ పిల్లలకి 28 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది గుంటూరు. ఇప్పటికీ రెండు కాలేజీలకి మోడల్ పేపర్లు తయారుచేసి ఇస్తుంటాను, టైపింగ్ కూడా నాదే. సిస్టమ్ 2013లో అసెంబుల్ చేయించింది. మూడో తరం ఐ5, సరిగ్గా చెప్పాలంటే 3470. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, బొమ్మ పని కూడా ప్రాసెసరే చూసుకుంటుంది. మధ్యలో ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ తీసేసి ఉబుంటు 22.04 అనే లైనక్స్ పెట్టుకున్నాక అది ఇన్నేళ్ల సిస్టమ్ అంటే ఎవరూ నమ్మరు.

పోయినేడాది కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చిన్న తెర మీద కళ్లు చికిలించుకుంటున్నానని మా అమ్మాయి హైదరాబాద్ నుంచి 27 అంగుళాల మానిటర్ ఆర్డర్ పెట్టింది. 2560 × 1440, 75 హెర్ట్జ్ అని డబ్బా మీద ఉంది. విప్పడం, స్టాండు బిగించడం, కేబుల్ పెట్టడం పావుగంట పని.

తెర వెలిగింది. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టున్నాయి. ‘థ’లో చుక్క కనపడదు. ‘కథ’ని ‘కధ’ అని రాసే పిల్లల్ని సర్వీసంతా తిట్టినవాణ్ణి, ఇప్పుడు నా తెరే ఆ తప్పు చేస్తోంది. సెట్టింగ్స్‌లో చూస్తే పెద్ద రిజల్యూషన్ 1920 × 1080 దగ్గరే ఆగిపోయింది. 2560ని 1920తో భాగిస్తే ఒకటీ మూడోవంతు. అంటే సిస్టమ్ పంపిన ఒక్కో చుక్కనీ మానిటర్ ఒకటీ మూడోవంతు చుక్కల మీద పరుచుకోవాలి. పరిస్తే అలుక్కుపోక ఏమవుతుంది?

మానిటర్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే “మీ కంప్యూటర్ సమస్య సర్” అని పెట్టేశారు. సరే, సిస్టమ్ కొన్న షాపుకే పోదామనుకున్నా. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లా. కౌంటర్‌లో కుర్రాడు తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. అద్దంలా వచ్చింది బొమ్మ. “చూశారా అంకుల్, మానిటర్ బంగారం. మీ సీపీయూ ఏది?” అన్నాడు. ఐ5 అన్నాను. “ఏ జనరేషన్?” మూడు అన్నాను. వాడు నాకేసి చూడకుండా లోపలికి తిరిగి “అన్నా, థర్డ్ జెన్ అంట!” అని కేకేశాడు. లోపలి నుంచి నవ్వు. పక్కన ప్రింటర్ ఇంకు కొనడానికి వచ్చిన ఒకాయన కూడా నవ్వాడు. ఆయనకేం అర్థమై నవ్వాడో ఆయనకే తెలియాలి. “దాన్ని ఇంకా వాడుతున్నారా అంకుల్, పాత ఇనప్సామాను వాడికి వేసెయ్యండి” అని, ‘4కే కేబుల్’ అని 750 రూపాయలది చేతిలో పెట్టాడు. దీంతో రాకపోతే సీపీయూ తెమ్మన్నాడు.

రాలేదు. మర్నాడు సీపీయూ తీసుకెళ్లా. రెండ్రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా “చెకింగ్‌లో ఉంది”. మూడో రోజు వెళ్తే క్యాబినెట్ నేల మీద, చెప్పుల స్టాండు పక్కన ఉంది. పైన బ్రౌన్ టేపుతో ఒక కాగితం అంటించి ఉంది. స్కెచ్ పెన్నుతో ‘ఓల్డ్ – నో యూజ్’ అని రాశారు. చెకింగ్ ఛార్జి 500. “బోర్డు సపోర్ట్ చెయ్యదు, 1080యే ఆఖరు. పైగా లైనక్స్ మేం చూడం. కొత్త సిస్టమ్ అయితే 42 వేలకి చేసిస్తా” అన్నాడు. ఆ కాగితం సంగతి క్యాబినెట్ గురించో, దాన్ని మోసుకొచ్చిన నా గురించో అడగాలనిపించింది. అడగలేదు. ఐదొందలూ ఇచ్చి వచ్చేశా. ఇంటికొచ్చి టేపు పీకితే పెయింటు కూడా లేచొచ్చింది.

“ఏమండీ, అమ్మాయితో చెప్పి మానిటర్ వెనక్కి పంపించేద్దాం, ఎందుకీ అవస్థ” అంది మా ఆవిడ. వెనక్కి పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. సర్వీసులో ఒక్క లెక్కనీ ‘రాదు’ అని వదిలి క్లాసులోంచి బయటికి రాలేదు నేను. బోర్డు చెరపకుండా ఉంచమని చెప్పి మర్నాడు పూర్తిచేసిన రోజులున్నాయి.

మొదటి రాత్రి వృథా. తెర రిజల్యూషన్ మార్చడానికి అందరూ చెప్పే ఎక్స్‌రాండర్ కమాండ్ కొడితే నా పోర్టు పేరు ‘ఎక్స్‌వేల్యాండ్0’ అని వచ్చింది. కొత్త మోడ్ (రిజల్యూషన్, హెర్ట్జ్ కలిపి) చేర్చబోతే ఎర్రర్లు. తెర మీద బొమ్మ వేసే పనికి ఉబుంటులో వేల్యాండ్, ఎక్స్‌ఆర్గ్ అని రెండు పద్ధతులున్నాయి. ఉబుంటు 22.04 మామూలుగా వేల్యాండ్‌లో తెరుచుకుంటుంది, అందులో ఈ కమాండ్‌తో రిజల్యూషన్ చేర్చే పని జరగదు. లాగిన్ దగ్గర మన పేరు నొక్కాక, పాస్‌వర్డ్ కొట్టేముందు కింద కుడిమూల పళ్లచక్రం గుర్తు వస్తుంది. అందులో ‘ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్’ ఎంచుకోవాలి. అప్పుడు పోర్టు పేరు పద్ధతిగా ‘హెచ్‌డీఎంఐ-1’ అని కనపడింది.

తర్వాత మానిటర్ తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో చూశా. ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అని ఒక చిన్న జాతకచక్రం ఉంటుంది. మొదటి భాగం 128 బైట్లు. ఎక్స్‌రాండర్‌ని ‘ప్రాప్’తో అడిగితే ఆ అంకెలన్నీ కుమ్మరిస్తుంది. అందులో 55వ బైటు నుంచి మానిటర్ ఎక్కువ ఇష్టపడే మోడ్ వివరాలుంటాయి. నాకక్కడ 56, 5ఈ అని కనపడ్డాయి. చిన్న బైటు ముందు, పెద్దది వెనక. కాబట్టి తిరగేసి 5ఈ56 అని చదవాలి. పదహారు స్థానం నుంచి పదికి మార్చి, కాగితం మీద వేశా: 24,150. ప్రమాణం పది కిలోహెర్ట్జ్, అంటే 241.5 మెగాహెర్ట్జ్. 2560 × 1440ని 60 హెర్ట్జ్‌లో పంపడానికి కావలసిన పిక్సెల్ క్లాకు, అంటే సెకనుకి చుక్కలు పంపే వేగం, సరిగ్గా అదే. మానిటర్ పాపం నిజమే చెబుతోంది, కేబుల్ దాన్ని మోసుకొస్తోంది. వినిపించుకోనిది నా సిస్టమే. 750 రూపాయల కేబుల్ దండగని అక్కడే తేలింది. మానిటర్ డబ్బాలో వచ్చిన కేబుల్‌ని కాదని కొత్తది కొనే ముందు, దయచేసి ఈ ఒక్క పరీక్షా చెయ్యండి.

ఇక బలవంతంగా మోడ్ చేర్చడం. సీవీటీ అనే కమాండ్‌కి 2560 1440 60 ఇస్తే అంకెల వరస ఒకటి ఇస్తుంది. మొదటి అంకె 312.25. ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ తయారుచేసి, పోర్టుకి చేర్చి, పెట్టమంటే ‘కాన్ఫిగర్ సీఆర్‌టీసీ 0 ఫెయిల్డ్’. సీవీటీకే హైఫన్ ఆర్ తగిలిస్తే 241.50 వచ్చింది. మళ్లీ అదే ఫెయిల్డ్. ఇరవై సార్లు కొట్టి ఉంటాను. అదే మాట, అదే మొండితనం. కారణం మాత్రం చెప్పదు. తప్పు రాసిన పిల్లాడికి కూడా ఎక్కడ తప్పిందో రాసి పంపుతాం కదండీ.

హైదరాబాద్‌లో చిప్పుల కంపెనీలో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఇంటర్‌లో నా పేపర్లో 75కి 41 తెచ్చుకున్నవాడు. వాడికి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడ్డాను, కానీ చేశా. మోడల్ చెప్పగానే “మాస్టారూ, ఆ తరం చిప్పు హెచ్‌డీఎంఐ మీద 225 మెగాహెర్ట్జ్ దాటి పంపలేదు. మీది 241 అడుగుతోంది. అందుకే తంతోంది” అన్నాడు. అంతే. తొమ్మిది రోజుల్లో నాకెవరూ చెప్పని మాట ఒకే వాక్యంలో చెప్పాడు. తర్వాతి తరం, అంటే నాలుగో తరం చిప్పయితే 300 దాకా పోతుందట, దానికి 241.5 హాయిగా సరిపోయేది. వెనకాల డిస్‌ప్లేపోర్టు ఉంటే మూడో తరమైనా ఈ గొడవే లేదట. నా బోర్డుకి వీజీఏ, హెచ్‌డీఎంఐ తప్ప లేవు. మీ సిస్టమ్ వెనక డిస్‌ప్లేపోర్టు ఉంటే దానికి కేబుల్ తెచ్చుకుని ఇక్కడితో చదవడం ఆపెయ్యండి.

షాపువాడి మాటలో సగం నిజముందన్నమాట. సగం నిజానికి 1,250 వసూలు చేశాడు.

ఫోన్ పెట్టేశాక కాగితం తీశా. సీవీటీ ఇచ్చిన రెండు వరసల్ని పక్కపక్కన రాసుకున్నా. మామూలు వరసలో అడ్డం మొత్తం 3488, నిలువు మొత్తం 1493. హైఫన్ ఆర్ వరసలో 2720, 1481. మనకి కనపడే చుక్కలు రెంటిలోనూ 2560, 1440యే. మిగతాది? మా నాన్న దున్నేటప్పుడు సాలు చివర ఎడ్లు మలుపు తిరగడానికి గట్టు దగ్గర కాస్త జాగా వదిలేవాడు, అక్కడ పంట ఉండదు. పాత గాజుగొట్టం టీవీల్లో ఎలక్ట్రాన్ పుంజం ఒక గీత గీసి మళ్లీ ఎడమ అంచుకి రావడానికి అలాంటి జాగా కావాలి. ఇప్పటి చదును తెరల్లో ఎడ్లే లేవు, కానీ లెక్కలో గట్టు మిగిలిపోయింది. మామూలు వరసలో ఆ గట్టు 928 చుక్కలు, హైఫన్ ఆర్‌లో 160. అందుకే క్లాకు 312 నుంచి 241కి పడింది.

గట్టు ఇంకా కోయకుండా 225 లోపలికి రావాలంటే ఇక మిగిలింది రిఫ్రెష్ రేటే, అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు నిండుతుందో ఆ లెక్క. 2720 × 1481 = 40,28,320. ఇది ఒక్కసారి తెర నిండడానికి. 22 కోట్ల 50 లక్షలని దీంతో భాగిస్తే 55.85. కాబట్టి 55. మళ్లీ గుణిస్తే 22,15,57,600, అంటే 221.56 మెగాహెర్ట్జ్. లోపలే ఉంది! మానిటర్ 48 నుంచి 75 హెర్ట్జ్ దాకా తీసుకుంటుందని దాని పుస్తకంలోనే ఉంది. సీవీటీని హైఫన్ ఆర్‌తో 55 అడిగితే 60 గుణిజాలు తప్ప ఇవ్వనంది. ఇవ్వకపోతే పీడాపోయె, చేత్తో రాసుకున్నా: 221.56, తర్వాత 2560 2608 2640 2720, తర్వాత 1440 1443 1448 1481, ప్లస్ హెచ్‌సింక్, మైనస్ వీసింక్. మోడ్‌కి ఒక పేరు కావాలంటే ‘గుంటూరు55’ అని పెట్టా.

ఎంటర్ నొక్కాను. తెర నల్లబడింది. ఒక్క క్షణం గుండె జారింది. వెలిగింది. టాస్క్‌బార్ సన్నబడి, అక్షరాలు చీమల్లా, కానీ సూదితో చెక్కినట్టు ఉన్నాయి. పేపరు తెరిచి పెద్దది చేసి చూశా. ‘కథ’లో చుక్క ఉంది. మా ఆవిణ్ణి నిద్ర లేపి చూపించా. “చుక్క కోసమా ఇంత రాత్రి లేపింది” అని పడుకుంది.

ఈ కాలం పిల్లల గురించి ఒక్కమాట. నాలుగంకెల సంఖ్యల్ని రెండింటిని గుణించమంటే ఫోన్ తీస్తారు. ఫోన్ చెప్పిన జవాబు సరిపోతుందో లేదో ఒక అంచనా కూడా వేసుకోరు. ఆ షాపులో కుర్రాడు 225ని 4తో భాగించి ఉంటే నా సిస్టమ్ చెప్పుల స్టాండు పక్కన కూర్చునేది కాదు. సరే, వదిలేద్దాం.

ఒక చిన్న ప్రమాదం కూడా చెప్పాలి. ఎక్స్‌రాండర్‌తో చేసింది రీస్టార్ట్ చేస్తే పోతుంది. అందుకని హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైల్లో ఆ మూడు కమాండ్లూ రాశా, ఉత్సాహంలో ఒక అంకె తప్పుగా కొట్టా. లాగిన్ అవ్వగానే ‘ఔట్ ఆఫ్ రేంజ్’ అని మానిటర్ మొహం తిప్పుకుంది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే, లాగిన్ అయినప్పుడల్లా ఆ తప్పు అంకె మళ్లీ నడుస్తుంది కదా. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద అక్షరాల లాగిన్ వస్తుంది, అక్కడ ఆ ఫైల్ తీసేసి బయటపడ్డా. మీరు ముందు చేత్తో కమాండ్లు కొట్టి, రెండు రోజులు సరిగ్గా నడిచాకే ఫైల్లో పెట్టండి. విండోస్ వాళ్లకి ఇదే పనికి సీఆర్‌యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఉందట. దాంతోపాటు వచ్చే ‘రీసెట్ ఆల్’ని ముందే చేతికందేలా పెట్టుకోమన్నాడు మా 41 మార్కులవాడు.

55కీ 60కీ తేడా నా కంటికి తెలియడం లేదు. క్రికెట్ చూసేటప్పుడు బంతి అప్పుడప్పుడూ ఒక చిన్న గెంతు గెంతుతుంది. కరెంటు పోయి వస్తే తెర మళ్లీ 1080కి జారిపోతుంది. దానికి ఆ మూడు కమాండ్లే ఒక ఫైల్లో పెట్టి, దానికి ‘ఎడ్లు’ అని పేరు పెట్టుకున్నా. నడిపితే రెండు క్షణాల్లో దారికొస్తుంది. ‘నో యూజ్’ కాగితం పారెయ్యలేదు. దాని వెనకవైపే ఆ గుణకారం చేశాను.