తండ్రి నాకంటె గొప్పవాడు: ఆ రాత్రి భోజనం దగ్గర అన్న మాట

తండ్రి, కుమారుడైన యేసు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అనే త్రిత్వం గురించి ఎక్కడ వాదన లేచినా కాసేపటికే యోహాను 14:28 బయటికి వస్తుంది. "తండ్రి నాకంటె గొప్పవాడు." ఎవరో అన్నది కాదు, యేసే స్వయంగా అన్నాడు, ఇంక చర్చ ఏముంది అంటుంది త్రిత్వాన్ని ఒప్పుకోని పక్షం. అవతలి వాళ్ళు వెంటనే 10:30 తీస్తారు, "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అని. అక్కడి నుంచి ఒకరు మార్కు 13:32కి వెళ్తారు, ఆ దినమూ ఆ గడియా కుమారుడికి కూడా తెలియవని ఉంది కదా అని. ఇంకొకరు శిష్యుడైన తోమా దగ్గరికి వెళ్తారు, మరణం నుంచి లేచిన యేసును చూసి "నా ప్రభువా, నా దేవా" అంటే ఆయన తోమాను ఆపలేదు కదా అని. ఇలా వచనానికి వచనం చెప్పుకుంటూ పోతే రాత్రి తెల్లవారుతుంది గానీ ఎవరూ మారరు, నేనైతే మారినవాళ్ళను చూడలేదు.

నేను త్రిత్వాన్ని నమ్మేవాడిని, ముందే చెప్పేస్తున్నా. కానీ ఈ వచనానికి మా పక్షం వాళ్ళు కంగారుపడిపోయి "అదా, అది మానవత్వం గురించి అన్నాడులెండి" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు వెళ్ళిపోవడం నాకు నచ్చదు. అవతలి పక్షం దాన్ని ఆయుధంలా పట్టుకోవడమూ నచ్చదు. ఎందుకంటే ఇద్దరూ వచనంలో సగమే చదువుతున్నారు. పూర్తి మాట ఇది: "తండ్రి నాకంటె గొప్పవాడు గనుక మీరు నన్ను ప్రేమించినయెడల నేను తండ్రియొద్దకు వెళ్లుచున్నానని మీరు సంతోషింతురు." వెళ్ళిపోబోతున్న మనిషి, బెంగపెట్టుకున్న స్నేహితులతో, భోజనం బల్ల దగ్గర అన్న మాట. తెల్లారితే సిలువ. ఆ అధ్యాయం మొదలయ్యేదే "మీ హృదయమును కలవరపడనియ్యకుడి" అని.

అదే అధ్యాయంలో, అదే బల్ల దగ్గర, కొన్ని నిమిషాల ముందే ఫిలిప్పు అనే శిష్యుడు "తండ్రిని మాకు కనుపరచుము" అని అడిగాడు. దానికి జవాబు "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు." అంటే రెండు పక్షాలూ వాడుకునే మాటలు రెండూ ఒకే రాత్రి, ఒకే నోటి నుంచి, ఒకే మనుషుల ముందు వచ్చాయి. యోహానుకు ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఇబ్బంది అనిపించలేదు. ఇబ్బంది మనకి.

మనకే కాదులెండి. క్రీ.శ. 318 ప్రాంతంలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద (సంఘంలో ప్రెస్బిటర్) తన బిషప్ అలెగ్జాండర్‌తో దీని మీదే విభేదించాడు. అరియస్‌ను మనవాళ్ళు ప్రసంగాల్లో ఒక దుర్మార్గుడిలా చూపిస్తారు గానీ ఆయన వాదన అంత తేలికగా కొట్టిపారేసేది కాదు. దేవుడు ఒక్కడే, ఆయనకు మొదలు లేదు, ఆయన్ను ఎవరూ కనలేదు. కుమారుడు అంటే పుట్టినవాడు, పుట్టాడంటే ఒక మొదలు ఉండాలి, కాబట్టి కుమారుడు లేని స్థితి ఒకటి ఉండి ఉండాలి. కుమారుడు సృష్టిలో అందరికంటే మొదటివాడు, అందరికంటే శ్రేష్ఠుడు, అయినా సృష్టే. దేవుడు జ్ఞానాన్ని మొదట కలుగజేశాడని చెప్పే సామెతలు 8:22ను కూడా ఆధారంగా చూపించారు, ఆ పక్షం వాళ్ళు. దేవుడి గొప్పతనానికి ఎక్కడా మచ్చ రాకూడదన్న తపన అందులో ఉంది. పైగా ఆయన తన బోధను పాటలుగా కట్టాడు, ఓడల్లో పనిచేసేవాళ్ళు, తిరగలి తిప్పేవాళ్ళు, దారిన పోయేవాళ్ళు పాడుకునేలా. సిద్ధాంతం జనంలోకి వెళ్ళాలంటే పాటే దారి అని ఆయనకు బాగా తెలుసు.

కాన్‌స్టాంటైన్ అనే రోమా చక్రవర్తికి మొదట ఇదంతా చిన్న విషయంలా కనిపించింది. ఇంత స్వల్ప విషయానికి ఎందుకు కొట్టుకుంటారు అన్నట్టు ఇద్దరికీ కలిపి ఉత్తరం రాశాడు. అది పనిచేయలేదు. 325లో నీకయలో సభ పిలిచాడు, ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అనే ఊరు అది. సంప్రదాయం చెప్పే లెక్క 318 మంది బిషప్పులు. కుమారుడు సృష్టింపబడినవాడు కాడు, తండ్రితో ఒకే తత్వం గలవాడు, దేవుని నుండి దేవుడు, వెలుగు నుండి వెలుగు అని విశ్వాస ప్రమాణం రాశారు. అరియస్‌ను, ఆయనతో నిలబడ్డ ఇద్దరు లిబియా బిషప్పులను ప్రవాసం పంపారు. 2025తో దానికి 1700 ఏళ్ళు నిండాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది తరచూ వినిపిస్తుంది: "యేసును దేవుణ్ణి చేసింది నీకయ సభ, రాజు ఒత్తిడితో ఓటేసి దేవుణ్ణి చేశారు" అని. ఆ నీకయ ఉన్న బితూనియ ప్రాంతానికే, సభకు రెండు వందల ఏళ్ళ ముందు, ప్లినీ అనే రోమా అధికారి గవర్నర్‌గా వచ్చాడు. క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో అక్కడి క్రైస్తవుల మీద తాను చేసిన విచారణ గురించి చెబుతాడు. ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టి మరీ అడిగించాడు. తేలిందేమిటంటే, వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తుకు ఒక దేవుడికి పాడినట్టు కీర్తన పాడతారు, దొంగతనం, వ్యభిచారం చేయమని ప్రమాణం చేస్తారు, తర్వాత కలిసి భోజనం చేస్తారు. ప్లినీకి క్రైస్తవుల మీద ఏ ప్రేమా లేదు, వాళ్ళది మొండి మూఢనమ్మకం అనుకున్నాడు. ఆయన సాక్ష్యం కాబట్టే దానికి నా దృష్టిలో అంత బరువు. రాజు లేడు, సభ లేదు, ఓటు లేదు. చీకట్లో లేచి పాడేవాళ్ళు ఉన్నారు. నీకయలో కూర్చున్నవాళ్ళు ఆ పాట పాడేవాళ్ళ మనవల మనవలు. వాళ్ళ ముందున్న ప్రశ్న మనం ఇన్నాళ్ళూ ప్రార్థిస్తున్నది ఎవరికి అని. ఆయన సృష్టే అయితే మనం చేస్తున్నది విగ్రహారాధనే కదా అని.

ఈ చివరి మాట అతనాసియస్ పట్టు. నీకయలో ఆయన ఒక డీకను (సంఘ పరిచారకుడు) మాత్రమే, 328లో అలెగ్జాండ్రియా బిషప్ అయ్యాడు. ఆ తర్వాత ఐదుసార్లు ప్రవాసం, మొత్తం దాదాపు 17 ఏళ్ళు ఊరికి దూరం. రాజులు మారుతుంటే సిద్ధాంతం కూడా మారేది, ఒక దశలో లోకమంతా మూలిగి తాను అరియన్ అయిపోయానని ఆశ్చర్యపోయింది అని తర్వాత జెరోమ్ అనే బైబిలు పండితుడు రాశాడు. అతనాసియస్ వాదనలో నాకు బలంగా తగిలేది లెక్కలు కాదు, రక్షణ. ఒక సృష్టి ఇంకో సృష్టిని దేవుడితో కలపలేదు. మధ్యలో ఎంత గొప్ప దూత నిలబడినా, అది దేవుడు పంపించిన మనిషి అవుతుంది గానీ దేవుడు వచ్చినట్టు అవ్వదు. మన దగ్గరికి వచ్చింది దేవుడేనా, లేక ఆయన తరఫున వేరొకరా? నాకు ఈ మొత్తం వివాదంలో అసలు ప్రశ్న ఇదే.

మధ్యలో జరిగిన వేషాలు కూడా చెప్పుకోవాలి. అంతియొకయలో లియొంటియస్ అనే బిషప్ ఉండేవాడు. ఆ ఊళ్ళో సంఘం రెండుగా చీలి, స్తుతి చెప్పేటప్పుడు ఒక వర్గం తండ్రికీ కుమారుడికీ పరిశుద్ధాత్మకూ సమానంగా మహిమ అని, ఇంకో వర్గం కుమారుని ద్వారా తండ్రికి మహిమ అని పలికేది. అందరి చెవులూ బిషప్ నోటి మీదే. ఆయన ఆ ముక్క వచ్చేసరికి గొంతులోనే గొణిగేసి, చివరన "యుగయుగములకు" అన్నది మాత్రం వినిపించేలా చెప్పేవాడట! తన తెల్లజుట్టు నిమురుకుని, ఈ మంచు కరిగితే బురద చాలా అవుతుంది, అంటే తాను పోయాక గొడవ ముదురుతుంది అనేవాడని కూడా రాశారు. ఇలాంటి పాస్టర్లు మనకూ తెలుసు. నిస్సాకు చెందిన గ్రెగొరీ అనే బిషప్ కాన్‌స్టాంటినోపుల్ వీధుల గురించి చెప్పింది ఇంకా బాగుంటుంది. రొట్టె ధరెంత అని అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువవాడు అని జవాబు వస్తుందట, స్నానానికి నీళ్ళు సిద్ధమా అంటే కుమారుడు శూన్యంలోంచి చేయబడ్డాడు అంటారట. 381లో ఆ ఊళ్ళోనే రెండో పెద్ద సభ జరిగి, ఇప్పుడు సంఘాల్లో చదివే నీకయ విశ్వాస ప్రమాణం దాదాపు ఆ రూపానికి వచ్చింది.

మరి 14:28ను వీళ్ళు ఎలా చదివారు? అగస్టీన్ అనే బిషప్ చెప్పిన దారి మనకు తెలిసిందే: దేవుని స్వరూపంలో సమానుడు, దాసుని స్వరూపంలో తక్కువవాడు. ఫిలిప్పీ 2 దానికి ఆధారం. తప్పు కాదు. కానీ అగస్టీన్ కంటే ముందే నజియాంజుకు చెందిన ఇంకో గ్రెగొరీ ఈ వివరణ మీద ఒక చురక వేశాడు. మనిషిగా ఉన్న యేసుకంటే దేవుడు గొప్పవాడు అనడం నిజమే, కానీ మనిషికంటే దేవుడు గొప్పవాడు కావడంలో వింతేముంది? అది చెప్పడానికి యేసు నోరు తెరవాలా? ఆయన వివరణ వేరు. తండ్రి మూలం, కుమారుడు ఆ మూలం నుంచి నిత్యం కలిగినవాడు, గొప్ప అన్నది ఆ మూలం విషయంలో, సమానం అన్నది స్వభావం విషయంలో. నా మనసు గ్రెగొరీ వైపే మొగ్గుతుంది. కుమారుడు తనకున్నదంతా తండ్రి దగ్గర పొందాడు, ఆ మాట చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గులేదు, సంతోషం ఉంది. అలా పొందినంత మాత్రాన తక్కువైపోతాడని అనుకునేది మనమే.

సండే స్కూల్లో చెప్పే నీళ్ళు, మంచు, ఆవిరి పోలిక ఇక్కడ పనికిరాదు, దయచేసి పిల్లలకు అది చెప్పకండి. ఒకే నీరు మూడు రూపాలు మారడం అంటే, ఒకే వ్యక్తి మూడు వేషాలు వేయడం. మూడో శతాబ్దం మొదట్లో రోమాలో సబెల్లియస్ పేరుతో నడిచిన బోధ ఇదే, సంఘం దాన్ని కూడా ఒప్పుకోలేదు. అదే నిజమైతే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో "అబ్బా తండ్రీ" అని ఏడ్చింది ఎవరితో? తనతో తానా? ఇక హిందూ స్నేహితులు మర్యాదగానే అడుగుతారు, మీకూ త్రిమూర్తుల్లాంటిదేనా అని. సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయ ఒకరిది అని పంచుకున్నట్టు కాదండీ, చేసే ప్రతి పనిలోనూ ముగ్గురూ ఉంటారు అని చెబుతాను. ముస్లిం స్నేహితులు ముగ్గురు దేవుళ్ళా అంటే, ద్వితీయోపదేశకాండము 6:4 మాకూ వాక్యమే, దేవుడు ఒక్కడే అంటాను. అంతకు మించి తేలికగా చెప్పే విద్య నా దగ్గర లేదు.

ఆ రాత్రి బల్ల దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే గొప్పతనం గురించి ఆ రాత్రి మొదటి పాఠం 14లో లేదు, 13లో ఉంది. యోహాను రాసిన వరస చూడండి. తండ్రి తన చేతికి సమస్తమూ అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్తున్నానని యేసు ఎరిగి, భోజనం మీద నుంచి లేచాడు. సమస్తమూ చేతికొచ్చిందని తెలిసినవాడు ఏం చేయాలి? తువాలు నడుముకు కట్టుకుని పళ్ళెంలో నీళ్ళు పోసి కాళ్ళు కడిగాడు. పేతురు ఒప్పుకోలేదు, మనం ఉన్నా ఒప్పుకునేవాళ్ళం కాదు. ఆయన్ను శత్రువులకు అప్పగించబోతున్న యూదా కాళ్ళు కూడా అందులో ఉన్నాయి.

ఆ పని చేసిన మనిషి గంట తిరక్కుండా "తండ్రి నాకంటె గొప్పవాడు" అంటే, మనం దాన్ని ఆఫీసులో ఎవరు పైన ఎవరు కింద అని తేల్చినట్టు చదువుతున్నాం. ఆయన దగ్గర గొప్పకు అర్థమే వేరుగా ఉంది. కిందికి వంగడం వల్ల ఆయన దేవత్వానికి ఏమీ తగ్గలేదు అనడం కాదు, దేవుడు ఎలాంటివాడో అలా వంగినప్పుడే కనబడింది. నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు అన్నది తువాలు కట్టుకున్నవాడే కదా. అంటే తండ్రి కూడా అలాంటివాడే. ఇది నిజంగా నమ్మితే అరియస్ భయం, అంటే కుమారుడిని సమానం చేస్తే తండ్రి ఘనత తగ్గిపోతుందన్న భయం, దానంతట అదే పోతుంది. తనకున్నదంతా కుమారుడికి ఇచ్చేసినా తండ్రికి తరిగేది ఏమీ లేదు.

మన తెలుగు సంఘాల్లో ఈ గొడవ ఇప్పుడు ఎక్కువగా బాప్తిస్మం దగ్గర తేలుతుంది. మత్తయి 28:19 ప్రకారం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోనా, అపొస్తలుల కార్యములు 2:38 ప్రకారం యేసుక్రీస్తు నామంలోనా? ఒకచోట తీసుకున్నవాళ్ళకు ఇంకోచోట మళ్ళీ ముంచుతున్నారు, ముందు తీసుకున్నది చెల్లదు అంటున్నారు. పెళ్ళి సంబంధాలు కూడా దీని మీద ఆగిపోతున్నాయి. నేను మత్తయి మాటనే పట్టుకుంటాను, కానీ యేసు నామంలో ముంచబడిన సహోదరుడిని క్రైస్తవుడు కాదు అనడానికి నాకు నోరు రాదు. యేసు దేవుడే కాదు అనేవాళ్ళతో మాత్రం నా తేడా చిన్నది కాదు, దాన్ని చిన్నది చేసి చెప్పను. అయినా వాళ్ళతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచాల్సిన అవసరం కనబడదు. నీకయ వైపు నిలబడేవాడిగా నాకు మింగుడుపడనిది ఆ సభ తీర్పు కాదు, తీర్పు తర్వాత రాజు బలంతో మనుషుల్ని ఊళ్ళు దాటించడం. అదే బలం కొన్నేళ్ళకు తిరిగొచ్చి అతనాసియస్ మెడ మీద పడింది. 1553లో జెనీవాలో త్రిత్వాన్ని ఒప్పుకోలేదని సెర్వెటస్‌ను సజీవంగా కాల్చినప్పుడు, త్రిత్వం వైపు ఒక్క కొత్త వాదన కూడా చేరలేదు.

నువ్వు ప్రార్థన ఎవరికి చేస్తావు అని అడుగుతుంటారు. ఎక్కువగా తండ్రికే, యేసు నేర్పినట్టు. కష్టం ముంచుకొచ్చినప్పుడు మాత్రం "యేసయ్యా" అనే వస్తుంది. మొదటి హతసాక్షి స్తెఫను రాళ్ళ కింద "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడు, ఆ క్షణంలో ఆయన సిద్ధాంతం సరిచూసుకున్నాడని నేను అనుకోను.

ఈసారి త్రిత్వ ఆదివారం నాడు మీ సంఘంలో ఎవరైనా 14:28 లేవనెత్తితే, ఆ ఒక్క వచనం కాకుండా 13వ అధ్యాయం మొదటి నుంచి 14 చివరి దాకా పైకి చదవమని అడగండి. పావుగంట పడుతుందేమో. ఆ తర్వాత కూడా వాదించాలనిపిస్తే వాదించుకోవచ్చు.