రిజిస్టర్ నిండా 17

మిర్యాలగూడ చుట్టుపక్కల మన బడిలో చదివిన వాళ్లలో చాలామంది ఏదో ఒక బియ్యం మిల్లు గేటు దాటినవాళ్లే. అందుకే సంచికకు వ్యాసం అడిగితే మిల్లు గురించే రాయాలనిపించింది. సైన్స్ ల్యాబ్ రికార్డుకు మనకో నియమం ఉండేది. అంకె తప్పితే రబ్బరుతో చెరపొద్దు, బ్లేడుతో గీకొద్దు. ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది వేయాలి, కొట్టేసిన అంకె కూడా కనిపించాలి. తప్పు రాసినందుకు మార్కులు పోయేవి కావు, చెరిపినందుకు పోయేవి. మిల్లును రేపటికి సిద్ధం చేయాల్సిన మేనేజరుకు ఇంతకంటే పనికొచ్చే పాఠం నాకు తెలియదు.

తేమ రిజిస్టర్ తీసి చూడండి. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ పరిమితి 17 శాతం. కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో హార్వెస్టర్ కింద నుంచి నేరుగా వచ్చే వడ్లు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. అయినా కొన్ని రిజిస్టర్లలో పేజీలకు పేజీలు 17, 17, 16.9, 17. మీటరు చెడిపోలేదు. 19 రాసిన రోజు గుమాస్తా తిట్లు తిన్నాడు, అంతే. ఆ 17ను నమ్మి బస్తాలు పేర్చేస్తే కొన్నాళ్లకే నడిమి వరుసలు వేడెక్కుతాయి, గింజ పసుపు తిరుగుతుంది. చాలాకాలం నిల్వ ఉంచాలంటే 14 శాతం దాకా ఆరాల్సిందే. పసుపు గింజ సార్టెక్స్ (రంగు మారిన గింజలను గుర్తించి గాలితో ఊది వేరుచేసే మిషను) దగ్గర బయటపడేసరికి అది ఏ లారీ సరుకో ఎవరికీ గుర్తుండదు. ఇంకోమాట, తేమ పేరుతో రైతుకు తరుగు తీసి పుస్తకంలో మాత్రం 17 రాయడం అన్యాయం. అలా రాయించిన చోట పనివాళ్లు మిగతా పుస్తకాలనూ అలాగే రాస్తారు.

దీన్ని మార్చడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లారీకి అయిదు చోట్ల నమూనా తీసి, సగటు కాకుండా అయిదు అంకెలూ రాయించాలి. 19 కనపడగానే మేనేజరు నోట వచ్చే మొదటి మాట ‘ఎవరు దించుకోమన్నరు?’ కాకుండా ‘ఎక్కడ ఆరబోద్దాం?’ కావాలి. ఈ ఒక్క మాట ఒక సీజనంతా తప్పకుండా నిలబడితే నిజమైన అంకెలు వస్తాయి. మధ్యలో ఒక్కరోజు కోపం ఆపుకోలేకపోతే మర్నాటి నుంచి మళ్లీ 17లే.

మన ప్రాంతానికి ఇది ఎందుకంత ముఖ్యమో 2021 చూపించింది. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు మిల్లులన్నీ ఉలిక్కిపడ్డాయి. యాసంగి వడ్లు ఎండలకు గింజలోపలే బీటలిస్తాయి. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ. నానబెట్టి ఆవిరి పట్టి ఆరబెడితే లోపలి పిండిపదార్థం ఉడికి బీటలు అతుక్కుంటాయి. అందుకే ఇక్కడ ఉప్పుడు బియ్యం అంతగా పాతుకుపోయింది. పచ్చి బియ్యానికి మళ్లాలంటే డ్రయ్యర్‌లో వేడి తగ్గించి, ఆరబెట్టిన వడ్లను కొన్ని గంటలు ఊరకే ఉంచి, మళ్లీ ఆరబెట్టే ఓపిక కావాలి. మిషన్లు కొన్నంత వేగంగా ఆ ఓపిక రాదు.

ఇక్కడే ఎక్కువమంది యజమానులు ఒక పొరపాటు చేస్తారు. సార్టెక్స్ రాగానే దాన్ని నడిపే పిల్లవాడిని పైన పెట్టి, ఇరవై ఏళ్లుగా బాయిలర్ దగ్గరున్న పెద్దాయన్ని అతని కింద వేస్తారు. పెద్దాయనకు తెలిసింది ఆయనతోనే పోతుంది. ఇద్దరినీ ఒక సీజను జంటగా ఉంచడం మేలు. రోజూ అయిదు నమూనాలు పెద్దాయన పంటికింద కొరికి తేమ చెప్పాలి, పిల్లవాడు మీటరు పెట్టి చూడాలి, రెండు అంకెలూ పక్కపక్కనే రాయాలి. అలాగే సార్టెక్స్ పక్కకు నెట్టేసిన గింజల్లోంచి చారెడు తీసి నల్లగుడ్డ మీద పోసి ఇద్దరూ కలిసి చూడాలి. మంచి గింజలు సగానికి మించి కనిపిస్తే సెట్టింగ్ మార్చాల్సిందే. అయితే అంతకుముందు గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలారో లేదో, అద్దం మీద దుమ్ము తుడిచారో లేదో చూడండి. గాలిలో తడి చేరితే గింజను ఊదే వాల్వులు మొరాయిస్తాయి, మనవాళ్లేమో తప్పంతా మిషను మీదికి నెడతారు.

బోనస్ సంగతీ చూడాలి. షిఫ్టుకు ఆడించిన క్వింటాళ్ల లెక్కన ఇస్తే, వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు అరిగినా ఎవరూ మార్చరు. మార్చడానికి మిల్లు ఆపాలి, ఆపితే డబ్బు పోతుంది. రోళ్లను ఇంకాస్త దగ్గరికి బిగించి నడిపిస్తారు, నూక పెరుగుతుంది. క్వింటాళ్లతోపాటు నూక శాతాన్నీ బోనస్‌లో కలిపితే రోళ్లు వాటంతటవే సమయానికి మారతాయి.

అన్నిటికంటే ముందు మారాల్సింది మాత్రం వడ్లను బకెట్లతో పైకెత్తే ఎలివేటర్ దగ్గర. అడుగున వడ్లు ఇరుక్కుంటే మిల్లు ఆపకుండానే చెయ్యి పెట్టడం అలవాటైపోయింది. బకెట్టుకు చెయ్యి చిక్కితే తిరిగి రాదు. మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి లోపలికి చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ దగ్గర కాదు. ఆపిన నిమిషాలకు కూలి కోయబోమని గోడమీద తెలుగులోనూ హిందీలోనూ రాయించాలి. హమాలీల్లో బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. చదవలేని వాళ్లకు మేస్త్రీ నోటితో చెప్పించి, తిరిగి వాళ్లచేత చెప్పించుకోవాలి.

షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఇద్దరు ఆపరేటర్లూ మిషను పక్కనే నిలబడి మాట్లాడుకోవాలి. ఏం బాగు చేశాం, ఏది సగంలో ఉంది, దేనిమీద కన్నేయాలి, ఈ మూడు చాలు. ఆఫీసులో సంతకం పెట్టి పోతే బేరింగు వేడి ఎవరికీ తెలియదు. ఊడ్చే ఆడవాళ్లకు లైటూ గడియా ఉన్న మరుగుదొడ్డి కట్టించడాన్ని ఖర్చుగా లెక్కేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది కూడా మానాలి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. అక్టోబరులో లారీలు బారులు తీరాక ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు తాళంచెవి నియమం ఒక్కటే పట్టుకోండి. అది కుదిరాక తేమ రిజిస్టర్. ఈసారి అచ్చు వేయించేటప్పుడు అంకె పక్కన ‘ఎందుకు’ అని ఒక గడి అదనంగా పెట్టించండి, రబ్బరున్న పెన్సిల్ కాకుండా పెన్ను ఇవ్వండి.