క్యాలెండర్ మీద అమ్మ రాసిన టైములు

ఐదో నెలలో మొదటిసారి పొత్తికడుపులో నొప్పి వచ్చినప్పుడు భయపడి ఏడ్చేశాను. మంచం మీద పక్కకి తిరిగితే చాలు, కుడి గజ్జలో చురుక్కుమనేది. తుమ్మినా అంతే. "గర్భసంచిని రెండు వైపులా పట్టి ఉంచే తాళ్లలాంటివి ఉంటాయమ్మా. సంచి పెరిగేకొద్దీ అవి సాగుతాయి. కాసేపు కదలకుండా ఉంటే తగ్గిపోతుంది" అని డాక్టరమ్మగారు చెప్పారు. నిజంగానే తగ్గిపోయేది. ఆ మాట మనసులో అలా ఉండిపోయి, తర్వాత వచ్చిన వేరే నొప్పిని కూడా అదే అనుకున్నాను.

మా పుట్టిల్లు పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. శ్రీమంతం చేసి నన్ను తీసుకొచ్చేసరికి 30 వారాలు. ఏప్రిల్ నెలాఖరు. కాలువలకి నీళ్లు ఆపేశారు, ఊరంతా ఉక్క. ఇంటి నిండా చుట్టాలు, బాత్రూమ్ పెరట్లో. మాటిమాటికీ అందరి ముందు నుంచి వెళ్లాలంటే సిగ్గనిపించి నీళ్లు తాగడం తగ్గించేశాను. రెండు రోజులకి మూత్రంలో మంట మొదలైంది. వేడి చేసిందిలే అనుకుని కొబ్బరిబోండాం తాగి ఊరుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం నడుము లాగడం మొదలైంది. పొత్తికడుపు బిగుసుకుంటోంది, వదులుతోంది. "గ్యాసేమోనే" అని అమ్మ వామునీళ్లు ఇచ్చింది. "దొంగ నొప్పులే, ఈ నెలల్లో అందరికీ వస్తాయి" అంది పెద్దమ్మ. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను, రెండు గ్లాసుల నీళ్లు తాగాను. తగ్గలేదు. అప్పుడు అమ్మ పెన్ను తీసుకుని గోడ క్యాలెండర్ అంచున టైము రాయడం మొదలుపెట్టింది. 9.10, 9.19, 9.27, 9.36. ఐదోది రాశాక నాన్న కారు కోసం ఫోన్ చేశారు.

నదీపాయలో నీళ్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి కాజ్‌వే మీదుగా దాటగలిగాం. అదే వరదల్లో అయితే అర్ధరాత్రి పడవ కోసం రేవులో నిలబడాల్సి వచ్చేది. అమలాపురం చేరేదాకా అమ్మ నా పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో సిస్టరమ్మ నా వేలు పట్టుకుని నా ముక్కు కొసకి తాకించింది. "పొట్ట ఇంత మెత్తగా ఉంటే కొంచెం బిగిసినట్టు." తర్వాత గడ్డానికి. "ఇలా ఉంటే గట్టిపడినట్టు." తర్వాత నుదుటికి. "ఇలా రాయిలా ఉండి మళ్లీ మళ్లీ వస్తోందంటే ఇంట్లో కూర్చోకూడదు." అప్పటికి నా పొట్ట గడ్డంలా ఉంది.

గర్భసంచి ముఖద్వారం ఇంకా తెరుచుకోలేదన్నారు. మూత్రం పరీక్షలో చీము కణాలు కనిపించాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే గర్భసంచికి కూడా నొప్పులు మొదలవుతాయట. ఒంట్లో నీరు తగ్గినా అంతేనట. సెలైన్ పెట్టారు, గర్భిణులకి ఇవ్వదగ్గ యాంటీబయాటిక్ ఇచ్చారు. ఒకవేళ కాన్పు ముందే అయిపోతే బిడ్డ ఊపిరి తీసుకోగలగాలని, ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. ఆ రెండు రోజులూ నాకు బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషనే ప్రాణం. అది తీసేస్తే టెన్షన్.

నొప్పులు నెమ్మదిగా ఎడం అయ్యి, మూడో రోజుకి ఆగిపోయాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మగారు అమ్మని కూడా కూర్చోబెట్టి చెప్పారు. 37 వారాలు నిండకముందు నొప్పులు ఒక లెక్కలో వస్తున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కదలిక తగ్గినా ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా వచ్చేయమన్నారు. పైపొట్టలో నొప్పితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అది బీపీ వల్ల కావచ్చు, దాన్ని గ్యాస్ అనుకోవద్దన్నారు. ఆ మాటకి అమ్మ తల దించుకుంది. వామునీళ్లు గుర్తొచ్చి ఉంటాయి. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. మంట సంగతి దాచింది నేను కదా.

మందులు అయిపోయాక మూత్రం మళ్లీ పరీక్ష చేయించాం, బాగానే ఉంది. వరదల కాలం దగ్గర పడుతోందని మళ్లీ లంకకి వెళ్లకుండా అమలాపురంలో పిన్ని ఇంట్లోనే ఉన్నాను. తలగడ పక్కన ఎప్పుడూ నీళ్ల చెంబు.

38 వారాలకి ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. పొట్ట మీద వేలు పెట్టి చూసుకున్నాను, నుదుటిలా ఉంది. అమ్మని లేపేలోపే అమ్మ లేచి కూర్చుని పెన్ను వెతుకుతోంది. ఆ సాయంత్రం పాప పుట్టింది, 2.8 కిలోలు.