పాలసీ గడువు, కాన్పు తేదీ

మా చెల్లెలికి ముప్పై ఆరో వారం నడుస్తుండగా, కూకట్‌పల్లిలోని ఒక ఆసుపత్రి బీమా కౌంటర్‌లో కూర్చున్న యువకుడు పాలసీ కాగితం మీద గడువు తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి మా ముందుకు జరిపాడు. మా మరిది ఉద్యోగం మారుతున్నాడు. పాత కంపెనీ గ్రూప్ బీమా అతని ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. డాక్టరు వేసిన కాన్పు తేదీ ఆ తరువాత పదహారు రోజులకు ఉంది. కొత్త కంపెనీ పాలసీలో ప్రసూతి ఖర్చులకు తొమ్మిది నెలలు ఆగాలి. "వదినా, ముందే ఆపరేషన్ చేయించేద్దాం, డాక్టరుగారు సరేనన్నారు" అని అతను అన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

సిజేరియన్ ఎలాగూ తప్పదనుకున్న ఇళ్లలో ముహూర్తం చూసుకోవడం మనకు కొత్త కాదు; ఇప్పుడు పంచాంగం పక్కన పాలసీ కాగితం కూడా చేరింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా తెలంగాణలో 60.7 శాతం, ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. ఆపరేషన్ ఇంత మామూలైపోయిన చోట తేదీని రెండు మూడు వారాలు ముందుకు జరపడం ఎవరికీ పెద్ద విషయంగా తోచదు.

కానీ నొప్పులు మొదలైనప్పుడు తల్లిలోనూ బిడ్డలోనూ కలిగే మార్పుల వల్లనే బిడ్డ ఊపిరితిత్తులలోని ద్రవం ఇంకిపోవడం వేగం అందుకుంటుంది. నొప్పులు రాకుండా, అందులోనూ ముందుగా తీసిన బిడ్డలో ఆ ద్రవం నిలిచిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే వైద్య కారణమేదీ లేనప్పుడు 39 వారాలు నిండేవరకు ఆగాలన్నది ప్రసూతి వైద్యంలో స్థిరపడిన మాట. ముప్పై ఏడు వారాలు నిండిన మరునాడే పుట్టిన మా పాప ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోయేది. మూడు రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచారు. ఆ ఖర్చును కూడా ప్రసూతి పరిమితిలోనే లెక్కగట్టడంతో, అది అప్పటికే అయిపోయి, మిగిలినదంతా చేతి నుంచి కట్టుకున్నాం.

ఒక్క కుటుంబాన్ని తప్పుపట్టి లాభం లేదని నా అభిప్రాయం. వ్యక్తిగత పాలసీలలో ప్రసూతికి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది. చాలా గ్రూప్ పాలసీలు సహజ కాన్పుకు ఒక పరిమితి, సిజేరియన్‌కు అంతకంటే పెద్ద పరిమితి పెడతాయి. ఆ షరతులు రాసేవారికి అవి లెక్కలే కావచ్చు. నెలలు నిండిన ఇంట్లో మాత్రం అవే తేదీని నిర్ణయిస్తాయి.

చెల్లింపు షరతులతోనే దీన్ని సరిదిద్దిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2011లో, పేదలకు ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ పథకం కింద, 39 వారాలలోపు వైద్య కారణం లేకుండా చేసే కాన్పులకు చెల్లింపు నిలిపివేసింది. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అలాంటి కాన్పులు 14 శాతం వరకు తగ్గాయి. ఆ నిబంధన ప్రభావం పడిన కాన్పులలో గర్భకాలం దాదాపు ఐదు రోజులు, శిశువు బరువు సుమారు 170 గ్రాములు పెరిగాయి. అయితే మన దగ్గర చెల్లింపు నిలిపివేత ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇక్కడ తేదీని ముందుకు నెట్టేది గడువు భయం కూడా.

మా కార్యాలయంలో పాలసీ పునరుద్ధరణ వచ్చే నెలలో ఉంది. గర్భం ఐదో నెల దాటిన తరువాత ఉద్యోగి కంపెనీ మారినా, ప్రీమియం తన నుంచి తీసుకునైనా, కాన్పు అయ్యేవరకు ఆ కుటుంబానికి బీమా కొనసాగించాలని హెచ్‌ఆర్‌కు లేఖ రాసి ఇచ్చాను. ఇప్పటివరకు పదకొండు మంది దాని కింద సంతకాలు చేశారు.