టీబీ వచ్చిన నర్సు మళ్లీ డ్యూటీకి వెళ్లాలంటే

మెడికల్ ఐసీయూలో పనిచేసే స్టాఫ్ నర్సుకు ఊపిరితిత్తుల టీబీ రావడం వింతేమీ కాదు. గొంతులోని కఫాన్ని యంత్రంతో లాగే సక్షన్ చేసేటప్పుడు, నెబులైజర్ పెట్టేటప్పుడు, గొంతులోకి శ్వాస ట్యూబ్ వేస్తున్న డాక్టర్ పక్కన నిలబడ్డప్పుడు రోగి శ్వాసకు అడుగు దూరంలో ఉంటాం. ఆ రోగికి టీబీ అని అప్పటికి ఎవరికీ తెలియకపోవచ్చు. నాకూ వచ్చింది, పూర్తిగా తగ్గింది, ఇప్పుడు హైదరాబాద్‌లో అదే ఐసీయూలో పనిచేస్తున్నాను. సిబ్బందికి మనోధైర్యం పెంచాలని ఈమధ్య ఆసుపత్రుల్లో క్లాసులు పెడుతున్నారు. మంచిదే. కానీ జబ్బుపడ్డ సిబ్బందిని నిలబెట్టే ధైర్యంలో చాలా భాగం డ్యూటీ చార్టులోంచి, చేతికందే జీతంలోంచి, వార్డులో ఆడే గాలిలోంచి వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, తగ్గుతున్న బరువు. రోగులను అడిగి కేసు షీటులో ఇవన్నీ రాసేది మనమే. అవే మనకు వస్తే మాత్రం నైట్ డ్యూటీల వల్లే అనుకుంటాం. పైగా మందులు చేతికి అందుబాటులో ఉంటాయి. డాక్టర్ రాయకుండా దగ్గుకు లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. అది టీబీ క్రిమిని సగం అణచి, కొన్నాళ్లు బాగున్నట్టు చూపించి, అసలు జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే, ఎవరైనా రెండు వారాలు దగ్గుతుంటే ఇన్‌చార్జి సిస్టరే పిలిచి పరీక్షకు పంపాలి. దాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేయకూడదు.

కళ్లె నమూనాలు రెండు ఇవ్వాలి. ఒకటి అప్పటికప్పుడు, రెండోది పొద్దున లేవగానే. నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలినుంచి దగ్గి తీయాలి. ఉమ్మి పనికిరాదు. కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కాకుండా ఆరుబయట తీయాలి. మైక్రోస్కోపులో క్రిమి కనబడాలంటే మిల్లీలీటరుకు 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి. క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష అంతకంటే చాలా తక్కువ ఉన్నా పట్టుకుంటుంది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమో కాదో కూడా రెండు గంటల్లోపే చెబుతుంది. నాది లొంగే రకం, కాబట్టి ఆరు నెలల కోర్సు.

మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిపిన మాత్ర. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగతా మూడు. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది: 35 నుంచి 49 కిలోలైతే రోజుకు 3, 50 నుంచి 64 అయితే 4. తిండి సహించి బరువు పెరిగితే మాత్రలూ పెరగాల్సి రావచ్చు, అందుకే నెలనెలా తూకం తప్పనిసరి.

పరగడుపున, తిండికి గంట ముందు వేసుకోవడం మేలు. వాంతి వచ్చేలా ఉంటే కొంచెం ఇడ్లీతో వేసుకున్నా ఫర్వాలేదు, మానేయడం కంటే అది నయం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు అసలు చిక్కు వేళ దగ్గరే. మార్నింగ్, ఈవినింగ్, నైట్ అని వారంవారం మారుతుంటే, నైట్ దిగి వచ్చి పడుకున్న రోజున మాత్ర తప్పిపోతుంది. మూడు షిఫ్టులకూ కుదిరే ఒకే వేళ చూసుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. రంజాన్‌లో రోజా ఉండే సిస్టర్లు సహరీకి గంట ముందు వేసుకునేలా ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు.

మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయపడాల్సిన పని లేదు. గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్లు మాత్రం వేరే పద్ధతి చూసుకోవాలి, రిఫాంపిసిన్ వాటిని పనిచేయనివ్వదు. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల. అరికాళ్ల తిమ్మిర్లు ఐసోనియాజిడ్ వల్ల, వాటికి పైరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇస్తారు. ఇథాంబుటాల్ కంటిచూపు మీద పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, ఇంజక్షన్ మందుండే ఆంప్యూల్ మీద అక్షరాలు మసకబారినా ఆ షిఫ్టులోనే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ప్రమాదం మనకే కాదు, మన చేతిలోని రోగికి కూడా. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా మాత్రలు ఆపి అదే రోజు లివర్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక జీతం సంగతి. ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలామంది జబ్బు దాచేది సిగ్గుతో కాదు, ఇంటి అద్దె భయంతో. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కార్డు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. టీబీ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసు, అందులో కనీసం 156 రోజుల చందా ఉంటే, ఆ తర్వాత కూడా 80 శాతం వస్తుంది. ఈ భత్యం తీసుకుంటున్న కాలంలో యాజమాన్యం ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు. ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. టీబీ రోగులను ప్రభుత్వం నమోదు చేసే ఆన్‌లైన్ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితే తిండి ఖర్చుకు నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది. పప్పు, గుడ్లు, పల్లీలకు ఆ డబ్బు అక్కరకొస్తుంది.

మందులు సరిగ్గా పనిచేస్తుంటే రెండు వారాలు గడిచేసరికి ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. అయినా దగ్గు తగ్గి, కళ్లె నెగెటివ్ అని తేలాకే ఐసీయూలోకి రావాలి. క్రిమి పోయినంత త్వరగా ఒంట్లోకి శక్తి రాదు. వెంటిలేటర్ మీదున్న రోగిని పక్కకు తిప్పాలంటే ఊపిరి అందదు. తిరిగొచ్చిన మనిషికి మొదట్లో నైట్లు వేయకుండా, బరువులెత్తే పని లేని చోట పెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నాకు మా సిస్టర్లు ఆ వెసులుబాటు ఇచ్చారు. టీ గదిలో నా కప్పు మాత్రం కొన్నాళ్లు వేరుగా ఉంది. టీబీ గాలి ద్వారానే వస్తుంది, కప్పుల వల్ల, కంచాల వల్ల, దుప్పట్ల వల్ల రాదు. తెలిసిన వైద్య సిబ్బందే ఇలా చేస్తే మందుల బాధకన్నా అదే ఎక్కువ కుంగదీస్తుంది. దాన్ని ఆపాల్సింది ఇన్‌చార్జి, అదీ మొదటి రోజే, అందరి ముందు ఆ కప్పులోనే టీ తాగి.

గాలి విషయంలో స్ప్లిట్ ఏసీని నమ్మకూడదు. అది గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తేదు. ఐసోలేషన్ గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలి. అలా మారితే గాలిలోని క్రిములు 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లే మారితే 46 నిమిషాలు. రోగిని తరలించాక ఆ సమయం గడవకుండా ఎవరూ ఆ గదిలోకి వెళ్లకూడదు, వెళ్లక తప్పకపోతే ఎన్95 ఉండాలి. పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ చెవుల కింద మెడ మీద, ముక్కు దగ్గర క్లిప్పు నొక్కి గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి రాకూడదు. మంచం ఖాళీ కాగానే ఊడ్చడానికి మొదట లోపలికి వెళ్లేది కాంట్రాక్టు మీద పనిచేసే ఆయమ్మలే. వాళ్ల చేతికి ఇచ్చేది ఎక్కువగా పల్చటి సర్జికల్ మాస్కు. ఎన్95 లెక్క రాసేటప్పుడు వాళ్ల పేర్లూ అందులో ఉండాలి, దగ్గు వస్తే వాళ్ల కళ్లె కూడా అదే వారం ల్యాబుకు వెళ్లాలి.